కొవ్వు తగ్గినా మెత్తగానే ఉండే స్వీడన్ మాంసపు ఉండలు

హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో తెరిచిన స్వీడన్ మూలాల ఐకియా దుకాణంలో కోడిమాంసపు ఉండలు, కూరగాయల ఉండలు దొరుకుతాయి. స్వీడన్ ఇళ్లలో చేసుకునే ‘షెట్‌బుల్లార్’ వేరు. గొడ్డుమాంసం, పందిమాంసం కలిపిన కైమాను చిన్న ఉండలు చేసి, వెన్నలో వేయించి, క్రీమ్ గ్రేవీ పోసి, ఉడికించిన బంగాళాదుంపలతో వడ్డిస్తారు. రుచి గొప్పదే, కొవ్వూ ఎక్కువే. దాన్ని తగ్గించాలనుకున్నవాళ్లు చాలాసార్లు ముందు కైమాలో కలిపే బ్రెడ్డును తీసేస్తారు. అక్కడే వంట చెడుతుంది.

మాంసం వేడెక్కేకొద్దీ అందులోని ప్రొటీన్ బిగుసుకుపోయి నీటిని బయటికి పిండేస్తుంది. కొవ్వున్న కైమాలో ఆ లోటు నోటికి తెలియదు. కొవ్వు తీసేసిన కైమాలో మాత్రం ఉండ రబ్బరు బంతిలా సాగుతుంది. పాలలో నానిన బ్రెడ్ పొడి మాంసపు పోగుల మధ్యకు దూరి, వాటిని గట్టిగా పెనవేసుకోనివ్వదు, తడినీ పట్టి ఉంచుతుంది. మన కైమా ఉండల్లో పుట్నాల పొడి కలిపినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ పొడిని పొడిగా వేయకూడదు. అరకిలో కైమాకు నాలుగు చెంచాల బ్రెడ్ పొడిని అరకప్పు పాలలో పోసి పది నిమిషాలు వదిలేయాలి. అది గంజిలా చిక్కబడ్డాకే తురిమిన ఉల్లిపాయ, గుడ్డు, ఉప్పు, తెల్లమిరియాల పొడి, చిటికెడు ఆల్‌స్పైస్ చేర్చాలి. అందులో కలిపే కైమా చల్లగా ఉండాలి. ఉడికించి చల్లార్చిన బంగాళాదుంప ఒకటి చిదిమి కలపడం అక్కడి పాత ఇళ్ల పద్ధతి, కొవ్వు తక్కువ కైమాకు అది అచ్చంగా సరిపోతుంది.

స్వీడన్‌కు చెందిన కైసా వార్గ్ రాయగా 1755లో అచ్చయిన వంటల పుస్తకంలోనే ఈ ఉండలు ఉన్నాయి. మాంసం ఖరీదైన కాలంలో బ్రెడ్డు, పాలు, దుంపలు దాన్ని ఇంటిల్లిపాదికీ సరిపెట్టేవి. కాబట్టి ఉండను తేలిక చేసే వస్తువులు ఆ వంటలో ఎప్పటినుంచో ఉన్నవే, కొత్తగా అరువు తెచ్చుకోనక్కర్లేదు. అడవి దుప్పి జాతికి చెందిన ఎల్క్ మాంసంతోనూ అక్కడ ఉండలు చేస్తారు. అందులో సహజంగానే కొవ్వు బహు తక్కువ.

తడిచేత్తో ఉండలు చుట్టి, ముందు ఒక్కటి వేయించి ఉప్పు చూసుకోవాలి. పెనంలో ఒక్క చెంచా వెన్న చాలు. పిడి పట్టుకుని గుండ్రంగా ఊపుతుంటే ఉండలు వాటంతటవే దొర్లి అన్నివైపులా ఎర్రబడతాయి. రంగు రాగానే 200 డిగ్రీల ఓవెన్‌లోకి మార్చేయాలి. మొత్తం ఓవెన్‌లోనే కాల్చేస్తే వెన్న ఇంకా తగ్గుతుంది, నిజమే. కానీ పెనం అడుగున అంటుకునే ఆ గోధుమరంగు పొర దక్కదు. గ్రేవీకి ప్రాణం అదే.

అసలు భారమంతా గ్రేవీలోనే ఉంది. 36 శాతం కొవ్వున్న క్రీమ్ 200 మిల్లీలీటర్లు పోస్తే 70 గ్రాములకు పైగా కొవ్వు చేరుతుంది. స్వీడన్‌లో విరివిగా వాడే 1.5 శాతం కొవ్వు పాలు అంతే పోస్తే వచ్చేది 3 గ్రాములే. ఖాళీ పెనంలో చెంచాడు మైదా వేయించి, మాంసం ఉడికించిన నీళ్లు పోసి, అడుగు గీరుతూ చిక్కబరిచి, ఆ తర్వాత పాలు కలపాలి. పొయ్యి ఆపాక రెండు చెంచాల క్రీమ్ వేస్తే మీగడ వాసన పైకి తేలుతుంది. రుచిలో తేడా రాదని చెప్పను. కొంచెం వస్తుంది. ఆ లోటును పూడ్చేది పక్కన పెట్టే పులుపు.

చక్కెరతో పచ్చిగా కలిపిన లింగన్ పండ్లు, అలాగే వెనిగర్, చక్కెర కలిపిన నీళ్లలో ఊరి మెత్తబడ్డ పలచటి కీరా బిళ్లలు లేకుండా ఈ పళ్లెం పూర్తికాదు. లింగన్‌లో సహజంగా ఉండే బెంజోయిక్ ఆమ్లం వల్ల అవి ఉడికించకపోయినా నిలవుంటాయి. ఇక క్రిస్మస్ విందుబల్ల మీద గోలీలంత చిన్న ఉండలను పేరుస్తారు. వాటి మీద గ్రేవీ పోయరు.