వదిలెయ్యడం కూడా పనితనమే

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొమ్ముకోనం చేపకు ఉన్న లెక్క ఒకటే, కిలో ఎంత అని. పూడిమడక నుంచి గాలాలతో లోపలికి పోయినవాళ్లకు పెద్దది ఒక్కటి పడితే ఆ వేట గిట్టినట్టే. అదే జాతిలో వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండేదాన్ని సెయిల్ ఫిష్ అంటారు. దాని కోసం అండమాన్‌లో వేలకు వేలు పోసి చార్టర్ బోటు ఎక్కి, పట్టి, మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారని చెబితే హార్బర్‌లో ఎవరైనా నవ్వుతారు. ఆ వదిలేసేవాళ్లలో నేనూ ఒకణ్ని.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ, అక్కడి జంగ్లీఘాట్‌లో వినపడే తెలుగు మాత్రం అచ్చం శ్రీకాకుళం తీరానిదే. మా బోటు మీద పనిచేసే కుర్రాడు ఆ పేట వాడు. మొదటి సెయిల్ ఫిష్‌ను వదులుతుంటే నా వంక చూసి, "మా తాత చూసుంటే మిమ్మల్నే నీళ్లలోకి తోసేసుండేవాడు సార్" అన్నాడు. ఆ మాట అన్నవాడే చేప ముక్కును ఎంత మెల్లగా పట్టుకున్నాడో చూశాను. ఫోటోలో కనిపించేది నేను. పనితనం వాడిది.

ఈ వేటలో గాలం కర్ర పట్టుకున్నవాడికి చేతకావలసింది ముఖ్యంగా ఊరుకోవడం. బోటు నెమ్మదిగా పోతుంటే వెనకాల ముల్లులేని ఎరలు నీటి మీద గెంతుతూ వస్తాయి. వాటిని చూసి చేప పైకి లేస్తుంది, కొమ్ముతో అటూ ఇటూ కొడుతుంది. కవళ్ల గుంపులో పడ్డప్పుడూ అది చేసేది అదే. కుర్రాడు ఆ ఉత్తుత్తి ఎరను లాగేసి, అసలు ముల్లున్న ఎరను దాని ముందు పడేస్తాడు. అప్పుడు మన చెయ్యి చటుక్కున గుంజాలని చూస్తుంది. గుంజితే పోయినట్టే. కొన వెనక్కి వంగి ఉండే సర్కిల్ హుక్‌ను చేప మింగినా, దారం మెల్లగా బిగిస్తే అది జారుతూ వచ్చి దవడ మూలన పడుతుంది. పాతకాలపు తిన్నటి ముల్లు కడుపులోనో మొప్పల్లోనో దిగుతుంది, ఆ చేపను వదిలినా బతకడం కష్టం. అందుకే అమెరికా అట్లాంటిక్ తీరంలో జరిగే పోటీల్లో సహజమైన ఎర వాడేవాళ్లకు 2008 నుంచి సర్కిల్ హుక్ తప్పనిసరి చేశారు.

సన్నటి దారంతో గంటసేపు పోరాడామని గొప్పలు చెప్పేవాళ్లు తగులుతుంటారు. నాకు అది గొప్పగా అనిపించదు. ఆ గంటలో అలిసిపోయేది చేప. గట్టి దారం కట్టి త్వరగా దగ్గరికి తెచ్చుకుని, నీళ్లలోంచి పైకెత్తకుండా, బోటును మెల్లగా ముందుకు పోనిస్తూ కొమ్ము పట్టుకుంటే మొప్పల గుండా నీరు పారుతుంది. ఒంటికి రంగు తిరిగి వచ్చి, తోక ఊపడం మొదలుపెట్టాక చెయ్యి వదలాలి. ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగాలన్న సరదా చేపకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక బోటు దిబ్బల మీదికి, అంటే పగడపు గట్ల అంచులకు పోతుంది. అక్కడ గ్రూపర్, స్నాపర్ లాంటివి అడుగు నుంచి వస్తాయి. నా పేచీ అక్కడే మొదలవుతుంది. పొద్దున్న సెయిల్ ఫిష్‌ను వదిలిన గర్వంతోనే వీటినీ విసిరేసి "వదిలేశాం" అంటారు. ముప్పై మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి నాలుగింతలు. పైకి లాగేసరికి చేప లోపలి గాలితిత్తి అంతగా ఉబ్బుతుంది, కళ్లు పొడుచుకొస్తాయి, కడుపు నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. అలాంటి చేప కిందికి దిగలేదు. వెల్లకిలా తేలుతూ గద్దలకో సొరలకో ఆహారమవుతుంది. నోట్లోంచి వచ్చినదే గాలితిత్తి అనుకుని సూదితో పొడిచేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు పొడిచేది దాని కడుపును.

దీనికి మందు చాలా చవక. బరువు కట్టిన క్లిప్పు దవడకు తగిలించి చేపను మళ్లీ లోతుకు దింపితే గాలి దానంతటదే కుదించుకుపోతుంది, అక్కడ విడిపించొచ్చు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో దిబ్బ చేపలు పట్టే బోట్లలో ఈ సాధనం గానీ, గాలి తీసే సూది గానీ సిద్ధంగా ఉండాలని 2022లో చట్టమే అమలులోకి వచ్చింది. అది లేని బోటు మీద నా పద్ధతి ఒకటే: కూరకు సరిపడా ఒకటి రెండు మధ్యరకం చేపలు ఉంచుకుని గాలం చుట్టెయ్యడం. గ్రూపర్లలో చాలా రకాలు ఆడవిగా మొదలై పెద్దయ్యాక మగవవుతాయి. పెద్దవాటినే ఏరి పడితే ఆ గట్టు మీద మగవే మిగలవు.

హార్బర్‌లో నవ్వేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లది కడుపుకూటి వేట. సరదాకు పోయేవాళ్లకే ఈ మాట. అండమాన్‌లో బోటు మాట్లాడుకునేటప్పుడు ధరతో పాటు రెండు సంగతులు అడగండి: సర్కిల్ హుక్కులు వాడతారా, చేపను లోతుకు దింపే బరువు ఉందా అని. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు నీళ్లలో గాలం వేయిస్తామన్న బోటును మాత్రం అడ్వాన్సు ఇవ్వకముందే వదిలెయ్యండి.