ఘటోత్కచుడు రాని ఆదివారం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసుకుని ఆడే పాచికల ఆటలో విజార్డ్, అంటే మంత్రగాడు, ఐదో లెవెల్‌కి చేరాడంటే కత్తి పట్టే ఫైటర్ కాస్త గోడవారగా నిలబడాల్సిందే. ఆ లెవెల్‌లో విజార్డ్‌కి ఫైర్‌బాల్ అనే మంత్రం చేతికొస్తుంది. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి. ఎంత పడితే అంత దెబ్బ, మంత్రం పేలిన చోటికి ఇరవై అడుగుల లోపల ఉన్న ప్రతివాడికీ. సగటున 28. అదే లెవెల్ ఫైటర్‌కి ఒక వంతులో రెండు కత్తివేట్లు. కండ బాగా ఉన్నవాడైతే, రెండూ తగిలితే, సగటున 17. అదీ ఒకరిద్దరి మీదే. 2014 నాటి పుస్తకంలో ఓర్క్ అనే రాక్షసుడి ప్రాణం 15. మంత్రం పడిన చోట నిలబడ్డ ఓర్క్‌లు గుంపుగా పోతారు. పక్కకు దూకి తప్పించుకున్నవాడికీ సగం దెబ్బ, అంటే 14, తగులుతుంది. వాడు ఒక్క పాయింటు ప్రాణంతో మూలుగుతుంటే ఫైటర్ వెళ్లి పొడిచి వస్తాడు.

బాలానగర్‌లో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట సాగుతుంది. ఆడించేది నేను. డంజన్ మాస్టర్ అంటారు, మా వాళ్లకు ఉత్త డీఎం. ఫైటర్ ఆడే తమ్ముడు ఇక్కడే ఒక టూల్‌రూమ్‌లో జిగ్గులూ ఫిక్చర్లూ చేస్తాడు. విజార్డ్, క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ) ఆడే ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వాళ్లు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి వస్తారు. ఫైర్‌బాల్ వచ్చాక రెండు మూడు వారాలు ఓపిక పట్టిన తమ్ముడు ఒకరోజు అడిగేశాడు: "అన్నా, నేను కత్తి దూసేలోపే లడాయి అయిపోతుంది గదా. మరి నేనెందుకు వస్తున్న, చాయ్ కోసమా?"

న్యాయమైన ప్రశ్న. ఎవరికైనా మొదట తట్టే మందు, అంకెలు మార్చడం. ఎనిమిది పాచికల్ని ఆరు చెయ్యి, కత్తివేటుకు రెండు కలుపు. విజార్డ్ ఆడే అమ్మాయి అయితే ఎక్సెల్ షీటే తయారుచేసుకొచ్చింది (ఈ ఊళ్లో పెళ్లిపనులకీ షీటే, రాక్షసులకీ షీటే). కానీ ఆ షీటు ఆమెనే సమర్థించింది. ఐదో లెవెల్‌లో ఆమెకు ఫైర్‌బాల్‌లు రోజుకు రెండు, కాస్త విశ్రాంతి దొరికితే ఇంకొకటి. ఆ మూడూ అయిపోతే చిన్నాచితకా మంత్రాలే. ఫైటర్ కత్తికి లెక్క లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా వేస్తూనే ఉండొచ్చు. రోజంతా కలిపి చూస్తే ఇద్దరూ దగ్గరదగ్గరగానే వస్తున్నారు. మరి తమ్ముడి బాధ ఎక్కడిది?

దీనికోసం ఆట పుట్టుక దాకా వెళ్లాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆట 1974లో వెయ్యి ప్రతులు అచ్చై వచ్చినప్పుడు క్లాసులు, అంటే పాత్రల రకాలు, మూడే: పోరాడేవాడు, మంత్రగాడు, పూజారి. పూజారి కూడా ఒక తగాదా తీర్చడానికి వచ్చినవాడే. ఆర్నెసన్ ఆడించే ఆటలో ఒకాయన పాత్ర రక్తపిశాచిగా మారి ఎవరికీ లొంగకుండా తయారైంది. దానికి విరుగుడుగా పిశాచాలను తరిమే క్లాసును పుట్టించారు. దొంగ ఆ మరుసటి ఏడు, 1975లో, చేరాడు. వీళ్లెవరూ సమానంగా ఉండాలని ఆ పెద్దలు అనుకోలేదు. మంత్రగాడు మొదట్లో రోజుకు ఒక్క మంత్రం వేస్తాడు, ఆ తర్వాత ఎలుక కరిచినా చచ్చేంత ప్రాణం. 1978 పుస్తకంలో రెండో లెవెల్ చేరడానికి దొంగకు 1,251 పాయింట్లు చాలు. ఫైటర్‌కి 2,001, మంత్రగాడికి 2,501. చిన్నతనంలో నువ్వు వాణ్ణి కాపాడు, పెద్దయ్యాక వాడు నిన్ను కాపాడతాడు అన్నది ఒప్పందం. ఏళ్ల తరబడి అదే బల్ల చుట్టూ అదే మనుషులు కూర్చుంటారన్న నమ్మకం మీద నిలబడ్డ ఒప్పందం అది.

ఆ నమ్మకాన్ని హైదరాబాద్‌కు తెచ్చి చూడండి. ఒకడికి ఆన్‌సైట్ వస్తుంది, డల్లాస్ వెళ్తాడు. ఇంకొకరికి షిఫ్టు మారుతుంది. మూడో లెవెల్ దాటకుండానే ఆగిపోయిన కథలు నా బీరువాలో కట్టలుగా ఉన్నాయి. వాటన్నిటిలో మంత్రగాడు కాపాడించుకున్నాడే తప్ప తిరిగి ఎవరినీ కాపాడలేదు. బాకీ వసూలయ్యేలోపు కొట్టు మూసేశారు.

మన పులిజూదం ఆడినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పులులు మూడు, మేకలు పదిహేను, గీతలు కలిసే చోట్లు ఇరవై మూడు. పదిహేను మేకలూ పటం మీదికి దిగేదాకా ఒక్క మేక కూడా కదలకూడదు. ఈలోగా పులి దూకుతూ తింటూనే ఉంటుంది. అన్నీ దిగాక గాని మేకల బలం తెలియదు. మెల్లగా చుట్టుముట్టి, పులికి అడుగు వేసే చోటు లేకుండా కట్టేస్తాయి. ఇరుపక్షాల బలంలో, కదలికలో, గెలిచే తీరులో ఒక్క పోలికా లేదు. అయినా ఆట సరితూగుతుంది, చివరిదాకా ఆడితే. సగంలో లేచిపోయి గెలుపెవరిదని అడిగితే పులిదే అని చెప్పాలి.

సమానత్వం కోసం తపించిన కాలం కూడా ఒకటి వచ్చింది. 2000లో మూడో ఎడిషన్ అందరికీ లెవెల్ పట్టిక ఒక్కటే చేసింది. 2008లో నాలుగో ఎడిషన్ ఇంకా ముందుకు పోయి, ప్రతి క్లాసుకూ ఒకే చట్రం బిగించింది: ఎప్పుడైనా వాడే విద్యలు కొన్ని, పోరుకొకసారి వాడేవి కొన్ని, రోజుకొకసారి వాడేవి కొన్ని. ఫైటర్‌కి కూడా రోజుకొకసారి వేసే గొప్ప వేటు వచ్చింది. నాకు ఆ పుస్తకం మీద గౌరవముంది. దాన్ని రాసినవాళ్లు సమానత్వం లెక్కను గట్టిగా పట్టించుకున్నారు. కానీ ఆడుతుంటే ఎవరి వంతు వచ్చినా ఒకే మనిషి వేషాలు మార్చినట్టుండేది. ఈ మాట చెబితే తమ్ముడు తన పని భాషలో తేల్చేశాడు: "షాఫ్టూ, దాని హోలూ ఒకే సైజు జేస్తే ఎట్ల తిరుగుతదన్నా? కొంచెం సందు ఇడువాలె." నాలుగో ఎడిషన్ గురించి ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఆ సందును మళ్లీ వదిలింది. విజార్డ్ మంత్రాలు రాత్రి నిద్రపోతే, అంటే పెద్ద విశ్రాంతి (లాంగ్ రెస్ట్) తర్వాత, తిరిగొస్తాయి. ఫైటర్ ముఖ్యమైన విద్యలు గంటసేపు చిన్న విశ్రాంతి తీసుకుంటే చాలు, వచ్చేస్తాయి. ఈ తేడాలన్నీ సరిపోయేది ఒక లెక్క మీద: కథలో ఒక రోజుకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలను మామూలు జట్టు తట్టుకోగలదని డంజన్ మాస్టర్ పుస్తకంలో రాశారు. మా సమస్య అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. మా ఆదివారంలో ఆరు పోరాటాలు ఎక్కడివి? రెండింటికి అనుకుంటే మూడింటికి చేరతారు. క్లెరిక్‌కి ఆన్‌కాల్ ఉంటే ల్యాప్‌టాప్ తెరిచే కూర్చుంటాడు. ఏడింటికి రోగ్ ఇంటి నుంచి ఫోను. ఈలోగా పట్టేది ఒక్క పోరాటం. అది కాగానే కథలో అందరూ నిద్రపోతారు, తెల్లారేసరికి విజార్డ్ చేతి నిండా మళ్లీ నిప్పు.

కర్ణుణ్ణి ఒకసారి తలుచుకోండి. ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఆయన దగ్గరుంది. తిరుగులేనిది, కానీ ఒక్కసారే వాడాలి. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి కృష్ణుడు ఘటోత్కచుణ్ణి పంపాడు. కౌరవసేన ఊచకోతకు గురై, కాపాడమని మొత్తుకుంటే, కర్ణుడు దాన్ని ఘటోత్కచుడి మీద ప్రయోగించక తప్పలేదు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడంటుంది భారతం. డీఎం కుర్చీలో కూర్చున్నాక ఆ సంతోషం నాకు బాగా అర్థమవుతోంది. ఒక్కసారే వాడగల అస్త్రం కథను ముంచెయ్యకుండా ఉండాలంటే, దాన్ని ముందే ఖర్చుపెట్టించే ఘటోత్కచుడొకడు దారిలో ఉండాలి. కురుక్షేత్రం ఒక్కరోజు యుద్ధమైతే శక్తి నేరుగా అర్జునుడికే తగిలేది. మా ఆదివారాలన్నీ అలాంటి ఒక్కరోజు యుద్ధాలే.

అందుకని పాచికల జోలికి పోకుండా గడియారాన్ని మార్చాం. ఇది మా సొంత తెలివేం కాదు; ఆ డంజన్ మాస్టర్ పుస్తకంలోనే ఐచ్ఛికంగా ఇచ్చిన నియమం. చిన్న విశ్రాంతి అంటే ఎనిమిది గంటల నిద్ర, పెద్ద విశ్రాంతి అంటే వారం రోజులు, అదీ మా ఆటలో ఊరు చేరాకే. కథలో వారం గడవడానికి మాకు చాలా ఆదివారాలు పడుతుంది. ఒక ఆదివారం కాల్చిన ఫైర్‌బాల్‌లన్నీ మరుసటి ఆదివారానికి తిరిగి రావు. మిగిలిన మంత్రాల చిట్టాను ఆ అమ్మాయి ఫోనులో ఫొటో తీసుకుని వెళ్తోంది. ఓర్క్‌లు కనపడగానే మంత్రం చదివే మనిషి ఇప్పుడు తమ్ముడి వైపు తిరిగి, "అన్నా, ముందు నువ్వు చూడవా?" అంటోంది. తమ్ముడి చాయ్ చల్లారిపోతోంది.

కొత్త చిక్కు కూడా వచ్చిపడింది. మేజ్ ఆర్మర్ అని, విజార్డ్ ఒంటికి కవచంలా పనిచేసే మంత్రం ఒకటుంది. ఎనిమిది గంటలు నిలుస్తుంది. పాత లెక్కలో పొద్దున వేసుకుంటే రోజు గడిచేది. ఇప్పుడు వారం పొడవునా రోజూ కొత్తగా వేసుకోవాలంటే మొదటి మెట్టు మంత్రాలు నాలుగూ దానికే చాలవు. ఊరు చేరేదాకా నిలిచేట్టు దాన్ని పొడిగించమని ఆమె అడుగుతోంది. అట్లయితే ఫైటర్ కాస్త ప్రాణం తిరిగి తెచ్చుకునే సెకండ్ విండ్‌ని పూటకు రెండుసార్లు చేయాలని తమ్ముడు పట్టుబట్టాడు. ఆమె షీటులో అప్పుడే కొత్త ట్యాబ్ తెరిచింది.