దిగువ ఘాట్ డ్రైవరు పనితనం

కదులుతున్న వస్తువు తనంతట తాను ఆగదు, దారీ మార్చుకోదు. ఆపాలన్నా, తిప్పాలన్నా బయటి నుంచి ఒక బలం పనిచేయాలి. 1687లో న్యూటన్ ప్రకటించిన ఈ జడత్వ నియమంతో తిరుమల దిగువ ఘాట్ డ్రైవరుకు రోజూ పేచీయే. 1944లో తెరిచిన ఈ మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులు 36. 1974లో వేసిన రెండో రోడ్డు ఇప్పుడు ఎక్కడానికి, పాతది దిగడానికి.

కొండకూ ఊరికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఘర్షణ, గాలి అడ్డు ఏమీ లేకుండా బస్సును వదిలేస్తే కిందికి చేరేసరికి దాని వేగం గంటకు 400 కిలోమీటర్లు దాటుతుంది. బస్సు, మనుషులు కలిపి 12 టన్నులనుకుంటే, దిగేలోగా వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 23 యూనిట్ల కరెంటుకు సమానం. అదంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే డ్రమ్ములు కాగి వ్యాకోచిస్తాయి, లైనింగు పట్టు సడలుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి నిలవదు. దిగే బళ్ల వెనక అప్పుడప్పుడు వచ్చే మాడు వాసన దీనికి తొలి హెచ్చరిక.

అందుకే అనుభవం ఉన్న డ్రైవరు భారాన్ని ఇంజిను మీద వేస్తాడు. చిన్న గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజినును తిప్పాల్సి వస్తుంది. ఆ తిప్పుడుకు ఎదురయ్యే నిరోధమే బండిని పట్టి ఉంచుతుంది, వేడి రేడియేటర్ గుండా, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని డ్రైవర్లలో ఒక మాట ఉంది. ఎక్కే దారి, దిగే దారి వేరైన తిరుమలలో అది అక్షరాలా కుదరదు గానీ, అందులోని బుద్ధి సరైనదే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం మాత్రం శుద్ధ తెలివితక్కువ.

మలుపులో లెక్క ఇంకా కఠినం. బస్సు ఎడమకు తిరిగితే లోపలివాళ్లు కుడికి ఒరుగుతారు. వాళ్లను ఎవరూ నెట్టలేదు, శరీరం పాత దారిలోనే పోబోయింది, అంతే. మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 60 కిలోల మనిషిని బస్సుతోపాటు తిప్పడానికి 12, 13 కిలోల బరువుకు సమానమైన బలం పక్కనుంచి కావాలి. వేగం 40 అయితే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 50 కిలోలు. తడిరోడ్డు మీద టైర్లకు అంత పట్టు దొరకదు. పైగా టైరు పట్టు నెల జీతం లాంటిది: బ్రేకుకు ఎక్కువ ఖర్చయితే మలుపుకు మిగిలేది తక్కువ. వేగం తగ్గించడం మలుపుకు ముందే పూర్తికావాలి.

కడుపులో తిప్పడానికీ మూలం జడత్వమే. లోపలి చెవి గొట్టాల్లోని ద్రవం తల తిరిగినంత వెంటనే తిరగదు. ఆ వెనకబాటుతోనే మెదడు తిరుగుడును గుర్తిస్తుంది. కళ్లు ఎదుటి సీటునో ఫోన్‌నో చూస్తుంటే రెండు కబుర్లూ పొసగక వికారం పుడుతుంది. నిమ్మకాయ వాసన సంగతెలా ఉన్నా, ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడడం నిజంగా పనిచేస్తుంది.

దిగే బళ్లకు 40 నిమిషాల కనీస సమయం నియమం ఉంది. అంటే సగటున గంటకు 28, 29 కిలోమీటర్లు. నియమం మంచిదే, కానీ అది కొలిచేది సగటును. దూకుడుగా దిగి, తనిఖీ కేంద్రానికి కాస్త ముందు బండి ఆపుకున్నా కాగితం మీద సమయం సరిపోతుంది. టైర్లకు సగటుతో పనిలేదు, మలుపులో ఆ క్షణాన ఉన్న వేగంతోనే పని.

2022 నుంచి తిరుమలకు నడుస్తున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, ఎక్కడానికి ఖర్చయిన శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. బ్రేకుల మీద భారం తగ్గుతుంది. అయితే బ్యాటరీల బరువు అదనం కాబట్టి ప్రతి మలుపులోనూ బండిని తిప్పడానికి కావాల్సిన బలం ఆ మేరకు ఎక్కువ.