సున్నాను చదివినవారు

తొలి ఉపగ్రహాల గురించి తెలుగులో వచ్చే జనరంజక విజ్ఞాన వ్యాసాలు చాలావరకు పరుగుపందెం వార్తల్లా ఉంటాయి. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ 83.6 కిలోల స్పుత్నిక్‌ను పంపింది, అది 'బీప్ బీప్' అంది. 1958 జనవరి 31న అమెరికా ఎక్స్‌ప్లోరర్-1తో బదులిచ్చింది. ఎవరు ముందు, ఎవరు వెనక! అంతటితో సరి.

రుచి ఉన్నదంతా ఆ తర్వాతే. ఎక్స్‌ప్లోరర్‌లో అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ వాన్ అలెన్ బృందం కాస్మిక్ కిరణాలను లెక్కించే గైగర్ కౌంటరును అమర్చింది. తక్కువ ఎత్తులో లెక్క సవ్యంగానే వచ్చింది. బాగా పైకి పోయాక సున్నా! చిట్టాలో సున్నా కనబడితే ఖాతాలో ఏమీ లేదా, రాసే గుమాస్తాకు చేయి ఆడలేదా అని అడగటం మా బ్యాంకువాళ్లకు అలవాటు. వాళ్లూ అదే అడిగారు. మార్చి 26న వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లో టేపు రికార్డరు ఉంది గనక పూర్తి ప్రదక్షిణం లెక్క చేతికొచ్చింది. కార్ల్ మెక్‌ల్వెయిన్ ప్రయోగశాలలో అలాంటి కౌంటరు మీద ఎక్స్-కిరణాలు గుప్పించి చూశాడు. తాకిడి మితిమీరితే కౌంటరు ఉక్కిరిబిక్కిరై సున్నా చూపుతుందని తేలింది. భూమి చుట్టూ వికిరణ వలయం ఉన్న సంగతి మే 1న లోకానికి తెలిసింది.

ఈ ఘట్టం మన వ్యాసాల్లో ఒక్క వాక్యానికి మించదు. లైకా కుక్క కోసం కన్నీరు పెట్టే రచయితలు, అదే స్పుత్నిక్-2లో సెర్గేయ్ వెర్నోవ్ పెట్టిన కౌంటర్ల ఊసెత్తరు. ఆ ఉపగ్రహం సోవియట్ కేంద్రాల మీదుగా తక్కువ ఎత్తులో పోయేది. ఎత్తుకు వెళ్లేది దక్షిణార్ధగోళంలో. అక్కడి సంకేతాలు ఆస్ట్రేలియాలో పట్టుకున్నారు గాని, వాటిని విప్పే సూత్రం వారి దగ్గర లేదు.