శవం స్థానంలో హంతకుడు

డిటెక్టివ్ నవల చదివేటప్పుడు నాకో పాత అలవాటు. పుస్తకంలో ఒక కాగితం ముక్క పెట్టుకుంటాను. ఎవరెవరున్నారు, ఆ రాత్రి ఎక్కడున్నారు, చంపాల్సిన అవసరం ఎవరికుంది. మూడే గడులు. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకునే రోజుల్లో అంటుకున్న జబ్బు ఇది. (అప్పట్లో ఇంకో తంటా ఉండేది. మనకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మొదటి పేజీల్లోనే హంతకుడి పేరు కింద పెన్సిల్ గీత గీసి వదిలేవాడు.) కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్ కథలకు ఆ కాగితం బాగా పనికొచ్చేది. మూడో గడి చాలాసేపు ఖాళీగా ఉండేది. అందులో ఎవరి పేరు పడిందో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వికాస్ స్వరూప్ ‘సిక్స్ సస్పెక్ట్స్’ దగ్గర నా కాగితం చేతులెత్తేసింది. 2008లో వచ్చిన నవల ఇది. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ సినిమాకి మూలమైన నవల రాసింది కూడా ఈయనే. ఉత్తరప్రదేశ్ హోంమంత్రి కొడుకు విక్కీ రాయ్ ఢిల్లీలో తన ఫామ్‌హౌస్‌లో పార్టీ ఇస్తాడు. సందర్భం ఏమిటంటే, మందు పొయ్యనందని ఒక అమ్మాయిని కాల్చి చంపిన కేసులో నిర్దోషిగా బయటపడటం. ఆ పార్టీలోనే ఎవరో అతన్ని కాల్చేస్తారు. పోలీసులు గేట్లు మూసి వచ్చినవాళ్లందరినీ తడిమితే ఆరుగురి దగ్గర తుపాకులు దొరుకుతాయి. ఒక రిటైరైన ఐఏఎస్ అధికారి, ఒక సినిమా తార, సెల్‌ఫోన్లు కొట్టేసే మున్నా, ఒక అమెరికన్, అండమాన్ నుంచి వచ్చిన ఆదివాసీ ఎకేటి, ఆరోవాడు స్వయానా హోంమంత్రి, అంటే చచ్చినవాడి కన్నతండ్రి.

నా మూడో గడి కాసేపట్లోనే నిండిపోయింది. అందరికీ కారణం ఉంది. ఇంకాస్త చదివితే నాకూ ఒక కారణం ఉన్నట్టే అనిపించింది.

ఈ కథ వెనక ఉన్న కేసు మనందరికీ తెలిసిందే. 1999 ఏప్రిల్ 29న అర్ధరాత్రి దాటాక, ఢిల్లీ మెహ్రౌలీలోని టామరిండ్ కోర్ట్ రెస్టారెంట్లో బార్ మూసేశామన్నందుకు, అక్కడ మందు పోస్తున్న జెస్సికా లాల్ అనే అమ్మాయిని కాల్చి చంపారు. నిందితుడు మను శర్మ ఒక కాంగ్రెస్ నాయకుడి కొడుకు. ఊళ్లో పెద్దమనుషులందరూ ఉన్న పార్టీ అది. సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. ఒకాయనైతే తన వాంగ్మూలం హిందీలో రాసుకున్నారనీ తనకు హిందీ రాదనీ చెప్పాడు. తూటాలు రెండు వేర్వేరు తుపాకులవి కావచ్చన్న వాదన బయల్దేరింది. అసలు తుపాకీ దొరకనే లేదు. 2006 ఫిబ్రవరి 21న నిందితులు తొమ్మిదిమందినీ కింది కోర్టు వదిలేసింది. జనం కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకొచ్చారు. పత్రికలు, టీవీలు వదల్లేదు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది. 2010లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఈ కేసును ఉన్నదున్నట్టు డిటెక్టివ్ నవలగా రాయమంటే కొమ్మూరి వల్ల కూడా అయ్యేది కాదు. ఎందుకంటే ఇందులో మిస్టరీ లేదు. చంపిందెవరో మొదటి రోజే అందరికీ తెలుసు. కావలసింది డిటెక్టివ్ కాదు, చూసింది చూసినట్టు చెప్పే సాక్షి. అధికారం ఉన్నవాళ్ల నేరాల్లో చిక్కు ఎప్పుడూ ఇక్కడే. అక్కడ దాచేది హంతకుణ్ణి కాదు, రుజువుని.

మరి మిస్టరీ నవల ఎలా నడవాలి? స్వరూప్ చేసిన పని చూడండి. అందరికీ తెలిసిన హంతకుణ్ణి తీసుకెళ్లి శవం స్థానంలో పడుకోబెట్టాడు. అసలు కేసులో తుపాకీ ఒక్కటీ దొరకలేదు, ఇక్కడ ఏకంగా ఆరు దొరికాయి. అక్కడ కళ్లముందు జరిగింది ఎవరూ చూడలేదన్నారు, ఇక్కడ జరిగింది నిజంగానే ఎవరూ చూడలేదు. ఈ తిరగేయడంలో ఉంది ఆయన పనితనమంతా. మామూలుగా పాఠకుడు హంతకుడు దొరకాలని పేజీలు తిప్పుతాడు. ఇక్కడ దొరక్కపోతే బాగుండని తిప్పుతాడు. విదేశాంగ శాఖలో ఉద్యోగం చేస్తూనే ఇలాంటి కథ రాశాడంటే ధైర్యం కూడా ఉన్నవాడే.

లోపాలు లేవని కాదు. రిటైరైన అధికారికి ఉన్నట్టుండి గాంధీ పూనడం మొదట నవ్విస్తుంది, తర్వాత సాగుతుంది. అమెరికన్ అమాయకత్వం నాకు విసుగు పుట్టించింది. ఎడిటరెవరైనా కత్తెర పట్టుకుని ఉంటే యాభై పేజీలు తేలిగ్గా పోయేవి. యుగంధర్ లాంటి డిటెక్టివ్ ఈ నవల్లో లేడు, కథను ఒక పరిశోధక పాత్రికేయుడు నడిపిస్తాడు. తిగ్మాంశు ధూలియా 2022లో దీన్ని ‘ది గ్రేట్ ఇండియన్ మర్డర్’ సిరీస్‌గా తీసినప్పుడు ఒక సీబీఐ అధికారినీ ఒక పోలీసు అధికారిణినీ దింపాడు. సిరీస్ పరుగెత్తడానికి వాళ్లు అవసరమే కావచ్చు. కానీ దర్యాప్తు చేసేవాడి భుజమ్మీంచి చూడటం మొదలెట్టాక, అనుమానితుల బతుకుల్లోకి మనం దిగే లోతు తగ్గిపోయింది.

ఆ లోతు తెలియాలంటే ఎకేటి దగ్గర ఆగాలి. లిటిల్ అండమాన్‌లో వందమందికి కాస్త అటూఇటూగా మిగిలిన ఒంగే తెగ కుర్రాడు. తమ తెగ కొలిచే పవిత్ర శిలను ఎవరో ఎత్తుకుపోతే దాన్ని వెతుక్కుంటూ దేశం మీద పడ్డాడు. అతనికి మంత్రి తెలియడు, మంత్రి కొడుకూ తెలియడు, కోర్టు తీర్పు తెలియదు. ఆరుగురిలో ఫోన్ చేయించుకోవడానికి పైన ఎవరూ లేనివాడు ఇతనొక్కడే. ఇలాంటి కేసు ఒకటి మీ ఊరి పోలీస్ స్టేషన్‌కు వస్తే ముందు ఎవరి మీద చెయ్యి పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సిరీస్ చూసేశాం కదా అని పుస్తకం వదిలేయకండి. విసుగొస్తే అమెరికన్ అధ్యాయాలు దాటేయండి, నష్టం లేదు. ఎకేటివి మాత్రం ఒక్క పేజీ కూడా వదలొద్దు. ఇక హంతకుడెవరని నన్ను అడగొద్దు, చెప్పను.