పరికిణీ కుచ్చిళ్లు, గౌను ముడతలు

పరికిణీ ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. భోగినాడు నెత్తిన రేగుపళ్లు పోయించుకునే పిల్లల ఒంటిమీద ఏటా చూస్తున్నదే. దాని పక్కన ఇంగ్లండు స్మాకింగ్ గౌనును నిలబెట్టి చూడాలనిపించింది. ఛాతీ మీద సన్నని ముడతలు, వాటి మీద రంగుదారాల పని ఉండే గౌను అది.

గౌను వంశం పాలేర్లది. 18, 19 శతాబ్దాల్లో అక్కడి పల్లెల్లో బండ్లు తోలేవాళ్లు, గొర్రెలు కాచేవాళ్లు తొడుక్కున్న వదులు అంగీ దాని తాత. 1879లో వచ్చిన 'అండర్ ది విండో' పుస్తకంలో చిత్రకారిణి కేట్ గ్రీనవే పిల్లలకు పాతకాలపు దుస్తులు తొడిగి బొమ్మలు వేశారు. ఆ తరహా బట్టల్ని లండన్‌లోని లిబర్టీ దుకాణం కుట్టించి అమ్మింది. అలా పొలం అంగీ డబ్బున్నవాళ్ల పిల్లల గౌనైంది. పరికిణీకి ఇంత తిరుగుడు లేదు. కూలివాళ్లింట నూలుది, కలవారింట గద్వాలో ధర్మవరమో. ఆకారం మాత్రం ఒకటే.

కుట్టడానికి కూర్చుంటే చుట్టరికం బయటపడుతుంది. పరికిణీలో గుడ్డ పన్నాయే పొడవు, అంచు కిందికి. కత్తెరకు పెద్దగా పనిలేదు. పాలేరు అంగీనీ అలాగే చదరపు, దీర్ఘచతురస్రపు ముక్కలతోనే కుట్టేవారు. ఒంటి వంపులకు తగ్గట్టు కోయడం కాదు, ఎక్కువ గుడ్డను తక్కువ చోట ఇమడ్చడమే రెండింటి విద్యా.

ఇమడ్చే తీరు మాత్రం వేరు. పరికిణీకి నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టి పట్టీలో బిగిస్తాం. చిన్నపిల్లలకైతే జారకుండా బాడీకి కలుపుతాం. స్మాకింగ్‌లో గుడ్డ మీద వరుసగా చుక్కలు పెట్టి, దారం ఎక్కించి లాగుతారు. మూడు మూరల గుడ్డ సుమారు మూరెడవుతుంది. ఆ ముడతల మీద తేనెపట్టు గళ్లలా కుట్టు వేశాక లాగిన దారాలు తీసేస్తారు. ఇక ముడతల్ని పట్టి ఉంచేది ఆ అలంకారమే. సాగుతుంది కూడా, ఎలాస్టిక్ లేని రోజుల్లో అదే ఎలాస్టిక్. పిల్ల పెరిగితే గౌను ఛాతీ దగ్గర సాగుతుంది, పరికిణీకి లోపల దాచిన మడత విప్పుకుంటాం.

పరికిణీకి అందం తెచ్చేది నేతగాడు. కుట్టేవారు ఆ జరీ అంచును చెడగొట్టకపోతే చాలు. ఈమధ్య జాకెట్ల మీదికి మగ్గం వర్క్ వచ్చింది. స్మాకింగ్‌లాగే దాన్నీ ముక్కలు జతచేయకముందే చేస్తారు, కాకపోతే చట్రానికి బిగించి. అయితే కుందన్లు తీసేసినా జాకెట్టు జాకెట్టే. స్మాకింగ్ విప్పితే గౌను గోనెసంచే. నాకు ఆ కుట్టు మీద గౌరవం అందుకే. మగ్గం వర్క్ తళుకు కాదనను గానీ, లోపల మెత్తటి నూలు లైనింగ్ లేని జాకెట్టు పిల్ల ఒళ్లు గీరుతుంది. వేసినవాళ్లు ఫొటో తీసుకుంటారు, తొడుక్కున్నది ఏడుస్తుంది.

మిగిలిన పేలికల దగ్గర మళ్లీ ఇద్దరూ ఒకటే: అక్కడ తలకు బో, ఇక్కడ జడకుచ్చులు.

కొత్తగా సూది పట్టినవారికి పరికిణీ కొంత నయం. కుచ్చిళ్లు వంకరపోయినా జాకెట్టు కింద దాగుతాయి. గౌనులో తప్పు ఛాతీ మీదే కూర్చుంటుంది. అయితే పట్టులో సూది పడ్డ చోట విప్పినా చిల్లు మిగులుతుంది, పాప్లిన్ చాలావరకు క్షమిస్తుంది. కనుక ఏది మొదలెట్టినా నూలుగుడ్డ మీదే మొదలెట్టండి. మూడేళ్లు నిండని పిల్లల బట్టలకు పూసలు, కుందన్లు కుట్టకండి. ఊడితే నేరుగా నోట్లోకే.