కాదన్న గొంతు ఎవరిది?

సేలం కోర్టులో ఒక వింత న్యాయం నడిచింది. నేరం ఒప్పుకున్నవాళ్లు బతికారు. మాకే పాపం తెలియదన్నవాళ్లు ఉరికంబం ఎక్కారు. అబద్ధానికి ప్రాణభిక్ష, నిజానికి ఉరితాడు. ఇది 1692లో, అప్పటికి ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగింది. సేలం అంటే మన పక్కనున్న తమిళనాడు సేలం కాదు. ప్యూరిటన్ క్రైస్తవుల పల్లె. ఇప్పుడు దాని పేరు డాన్వర్స్.

ఈ కథను ప్రపంచానికి తెలియజెప్పింది చాలావరకు ఒక నాటకం. ఆర్థర్ మిల్లర్ రాసిన 'ది క్రూసిబుల్'. క్రూసిబుల్ అంటే కంసాలి బంగారం కరిగించే మూస. నిప్పుల్లో పెడితే ఏది బంగారమో ఏది మట్టో తేలుతుందని ఆ పేరులోని అర్థం. అన్యాయపు విచారణ గురించి మాట్లాడే ప్రతిచోటా ఈ నాటకం పేరు వినిపిస్తుంది. వినిపించాల్సిందే. కానీ మేము ఒక ప్రశ్న అడగదలచుకున్నాం. ఆ మూసలో వేసి పరీక్షించింది ఎవర్ని? పరీక్షించకుండానే మట్టి అని పక్కన పారేసింది ఎవర్ని?

ముందు జరిగిందేమిటో చూద్దాం. 1692 జనవరిలో సేలం గ్రామం పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు బెట్టీకి, ఆ ఇంట్లోనే ఉండే అబిగైల్ విలియమ్స్ అనే పిల్లకు అంతుబట్టని జబ్బు వచ్చింది. అరుపులు, మెలికలు తిరగడం, ఎవరో గిచ్చుతున్నారనడం. వైద్యుడు చూసి ఇది దుష్టశక్తి పని అన్నాడు. ఎవరు చేశారు అని పెద్దలు పిల్లల్ని గుచ్చి గుచ్చి అడిగారు. ఫిబ్రవరి 29న మూడు పేర్ల మీద వారంట్లు రాశారు. మొదటిది టిటూబా, పాస్టర్ ఇంట్లోని బానిస. రెండోది సారా గుడ్, ఇంటింటికీ తిరిగి అడుక్కునే ఆడది. మూడోది సారా ఆస్బర్న్, మంచాన పడి చర్చికి రాలేకపోయిన ముసలామె. ఒక ఊరు నేరస్తుల్ని వెతకడం మొదలుపెడితే ముందు ఎవరి గడప తొక్కుతుందో చెప్పడానికి ఈ మూడు పేర్లు చాలు. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన తెలంగాణ పల్లెల్ని ఎరిగినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. అనుమానం ఎప్పుడూ దిక్కులేని ఇంటి నుంచే బయల్దేరుతుంది.

తర్వాత అది ఊరంతా పాకింది. నూట యాభైకి పైగా మనుషుల మీద ఆరోపణలు వచ్చాయి. 19 మందిని ఉరి తీశారు. కోర్టుకు లొంగనన్న గైల్స్ కోరీ అనే ముసలాయన ఛాతీ మీద బండరాళ్లు పేర్చి చంపారు. జైల్లో కనీసం అయిదుగురు చచ్చిపోయారు. కోర్టుకు సాక్ష్యం ఏమిటంటే, ఫలానా మనిషి నీడ వచ్చి నన్ను గిచ్చిందని పిల్లలు చెప్పడం. ఆ నీడ పిల్లలకు తప్ప ఎవరికీ కనపడదు. ఆ సమయంలో నేను ఇంట్లో నిద్రపోతున్నాను అని చెప్పినా లాభం లేదు. నిద్రపోయింది నీ ఒళ్లు, వచ్చింది నీ నీడ అంటారు. ఈ ఇల్జాంకు జవాబు లేదు. చేసిన పనికైతే సంజాయిషీ ఇవ్వొచ్చు. తమ గురించి ఇతరుల మనసులో మెదిలే నీడకు ఎవరు సంజాయిషీ ఇవ్వగలరు?

బయటపడే దారి ఒక్కటే మిగిలింది. ఒప్పుకోవడం, ఇంకొకరి పేరు చెప్పడం. దాదాపు యాభై మంది ఒప్పుకున్నారు. ఆ మాట మీద నిలబడ్డవాళ్లలో ఒక్కర్నీ ఉరి తీయలేదు. శామ్యూల్ వార్డ్‌వెల్ అనే ఆయన ఒప్పుకుని, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. సెప్టెంబర్ 22న ఆయన్ని ఉరి తీశారు. కోర్టు మనుషుల్ని అడిగింది నిజం కాదు, విధేయత. మేము చెప్పిన కథలో నీ పాత్ర నువ్వు వెయ్యి, నిన్ను వదిలేస్తాం. అదీ బేరం.

ఈ బేరాన్ని మిల్లర్ సరిగ్గా పట్టుకున్నాడు. 1950ల అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతోంది. పార్లమెంటు కమిటీ పిలిచి, నీతో ఉన్నవాళ్ల పేర్లు చెప్పు అంటోంది. 1952లో మిల్లర్ మిత్రుడు, దర్శకుడు ఎలియా కజాన్ పేర్లు చెప్పాడు. ఆ ఏడే మిల్లర్ సేలం వెళ్లి పాత రికార్డులు చదివాడు. 1953 జనవరిలో నాటకం న్యూయార్క్‌లో రంగస్థలం ఎక్కింది. 1956లో మిల్లర్‌నూ పిలిచారు. ఆయన ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో శిక్ష పడింది, 1958లో పైకోర్టులో కొట్టేశారు. రాసినదానికి కట్టుబడి నిలబడ్డ రచయిత. ఆ మనిషిని మేము గౌరవిస్తాం. మా పేచీ ఆయన నిజాయితీతో కాదు. ఆయన చూపు ఎవరి మీద ఆగింది, ఎవరిని దాటిపోయింది అన్నదానితో.

నాటకానికి నాయకుడు జాన్ ప్రాక్టర్. నాటకంలో ముప్పయి దాటిన రైతు. పనిపిల్ల అబిగైల్‌తో అతనికి సంబంధం ఉండేది, ఆ పిల్ల పగతో అతని భార్య పేరు ఇరికిస్తుంది. చరిత్రలో ప్రాక్టర్‌కు అరవై ఏళ్లు. అబిగైల్‌కు పదకొండో పన్నెండో. ఆ సంబంధం మిల్లర్ కల్పన. నాటకకర్తకు ఆ స్వేచ్ఛ ఉంటుంది, కాదనం. అయితే ఒక పసిపిల్లను మోహం పట్టిన పడుచును చేసి, ఊరి పాపాన్నంతా ఆమె నెత్తిన మోపడంలో మగవాడి కన్ను పనిచేసిందన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. మేము చెప్పబోయేది వేరే.

నాటకం ముందుమాటగా రాసిన చిన్న గమనికలో మిల్లర్ తన మార్పులు కొన్ని ఒప్పుకున్నాడు. కొన్ని పాత్రలు కలిపానన్నాడు, అబిగైల్ వయసు పెంచానన్నాడు. కానీ ప్రతి పాత్రకూ చరిత్రలో ఏ గతి పట్టిందో నాటకంలోనూ అదే పట్టిందని హామీ ఇచ్చాడు. ఈ హామీ పట్టుకుని సారా గుడ్ దగ్గరికి వెళ్దాం.

నాటకంలో సారా గుడ్ అరవయ్యేళ్ల తాగుబోతు బిచ్చగత్తె. రెండో అంకంలో వార్త వస్తుంది, ఆమె నేరం ఒప్పుకుందని. ఆ వయసులో కడుపుతో ఉందని కూడా చెప్పించి నవ్విస్తాడు. నాలుగో అంకంలో, ప్రాక్టర్ ఉరికి ముందు, ఆమె జైలు గదిలో టిటూబా పక్కన పడి ఉంటుంది. సైతాన్ వచ్చి మమ్మల్ని బార్బడోస్‌కు ఎగరేసుకుపోతాడని ఇద్దరూ మాట్లాడుకుంటారు. బయట ఆవు అరిస్తే అదిగో వచ్చాడని ఉలిక్కిపడతారు. తర్వాత వాళ్లని పక్కకు తోలేస్తారు. అప్పుడు అసలు విషాదం మొదలవుతుంది. ప్రాక్టర్ సంతకం పెట్టి, ఆ కాగితం చింపి, ముసలి రెబెకా నర్స్‌తో కలిసి ఉరికి నడుస్తాడు.

ఇప్పుడు రికార్డు చూడండి. సారా గుడ్‌కు నలభై ఏళ్లు కూడా లేవు. కలిగిన సత్రం యజమాని కూతురు. తండ్రి ఆస్తి చేతికి రాలేదు, ఉన్నది అప్పులకు పోయింది, బిచ్చానికి వచ్చింది. పెట్టనివాళ్ల గడపలో ఏదో గొణుక్కుంటూ వెళ్లేది. ఆ గొణుగుడే ఆమె మీద సాక్ష్యం. మార్చి 1న మేజిస్ట్రేట్ జాన్ హాథోర్న్ ఆమెను అడిగిన తీరు చూడండి. చేశావా అని కాదు, ఎందుకు చేస్తున్నావు అని. కట్టుకున్న మొగుడే కోర్టులో నిలబడి, ఇది మంత్రగత్తె అయినా అయి ఉంటుంది, లేకపోతే త్వరలో అవుతుందన్నాడు. నాలుగైదేళ్ల కూతురు డొరొతీని కూడా మంత్రగత్తె అని గొలుసులు వేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. చంకలోని పసిగుడ్డు జైల్లోనే చనిపోయింది. ఇంత జరిగినా సారా గుడ్ ఒప్పుకోలేదు. మార్చిలో కాదంది, జులైలోనూ కాదంది. ఉరికంబం దగ్గర పాస్టర్ నికలస్ నోయస్ ఒప్పుకోమంటే, నువ్వు అబద్ధమాడుతున్నావని మొహాన చెప్పిందని 1700లో అచ్చయిన రాబర్ట్ కేలెఫ్ పుస్తకంలో ఉంది.

ఉరి తేదీ 1692 జులై 19. ఆ రోజు ఉరి తీసిన అయిదుగురు ఆడవాళ్లలో రెబెకా నర్స్ ఒకరు. డెబ్బై ఒక్కేళ్ల రెబెకా ఊళ్లో పరువున్న మనిషి. ఆమె మంచిదని 39 మంది ఇరుగుపొరుగు సంతకాలు పెట్టారు. జ్యూరీ మొదట నిర్దోషి అంది. జడ్జీలు మళ్లీ ఆలోచించమన్నారు. చెవులు సరిగా వినపడని ఆమె ఒక ప్రశ్నకు జవాబు చెప్పకపోవడమే నేరంగా లెక్కకట్టి తీర్పు తిప్పేశారు. ప్రాక్టర్‌ను ఉరి తీసింది ఆగస్టు 19న, నెల తర్వాత. అంటే చరిత్రలో రెబెకా పక్కన నిలబడి చచ్చింది సారా గుడ్. నాటకంలో ఆ చోటు ప్రాక్టర్‌ది.

మా అభ్యంతరం ఇదే. మిల్లర్ బిచ్చగత్తె నోట్లోంచి 'కాదు' అనే మాట తీసి భూమి ఉన్న రైతు నోట్లో పెట్టాడు. బతికి ఉన్నప్పుడు కోర్టు కూడా ఆమెతో ఒప్పించలేకపోయింది. చచ్చాక రెండున్నర శతాబ్దాలకు నాటకం ఒప్పించింది. దొంగ గవాహీకి వ్యతిరేకంగా రాసిన నాటకం అందరికంటే పేదదాని మీద తనే ఒక దొంగ గవాహీ చెప్పింది.

కావాలని చేశాడని మేము అనం. అలవాటుగా జరిగింది, అదే అసలు రోగం. ఆత్మగౌరవం అంటే పేరున్నవాడికే ఉంటుందని ఒక నమ్మకం. ప్రాక్టర్ చివరికి ఒప్పుకోలు కాగితం చింపేది తన పేరు కోసం. పోగొట్టుకోవడానికి పేరు లేనివాళ్లు ఏం చేస్తారు? ఒప్పుకుంటారు, తాగుతారు, నవ్విస్తారు. నాటకం నమ్మిన లెక్క అది. సారా గుడ్ ఆ లెక్క తప్పని ప్రాణం ఇచ్చి చూపించింది. పేరు లేదు, ఇల్లు లేదు, మొగుడు కూడా పక్కన లేడు. అయినా కాదంది. గౌరవం పొలం పట్టాతో వచ్చేది కాదు.

మరి ఒప్పుకున్న టిటూబా సంగతి? ఆమెను పిరికిది అందామా? రికార్డులో ఆమెను 'ఇండియన్' అని రాశారు. అంటే మన దేశస్తురాలని కాదు, అమెరికా మూలవాసులకు తెల్లవాళ్లు పెట్టిన పేరు అది. తర్వాతి రచయితలు ఆమె రంగు మారుస్తూ వచ్చారు. మిల్లర్ నాటకంలో ఆమె నీగ్రో బానిస. 1974లో చాడ్విక్ హాన్సెన్ అనే పరిశోధకుడు ఈ మార్పును లెక్కతీసి చూపించాడు. రాసేవాళ్లకు ఆమె ఎవరైనా ఒకటే, తెల్లది కాకపోతే చాలు. యజమాని కొట్టి ఒప్పించాడని టిటూబా తర్వాత చెప్పినట్టు కేలెఫ్ రాశాడు. ఆమె విచారణలో చెప్పింది చూస్తే మాత్రం కేవలం భయపడ్డ మనిషి మాటల్లా లేవు. బోస్టన్ నుంచి వచ్చిన పొడుగాటి మనిషి, పసుపు పిట్ట, నల్ల కుక్క, తొమ్మిది గుర్తులున్న పుస్తకం. దొరలకు ఏ కథ కావాలో ఆ కథే అల్లి ఇచ్చింది. ఆ తొమ్మిదిలో రెండు గుర్తులు గుడ్‌వీ, ఆస్బర్న్‌వీ అంది. తొమ్మిదనగానే మిగతా ఏడుగురు ఎవరని ఊరు వేటకు బయల్దేరింది. ఆమె మాట సారా గుడ్ మెడకు చుట్టుకుంది కూడా. దాన్ని మేము దాచం. కానీ దెబ్బకూ ఉరికీ మధ్య నిలబెట్టి చెప్పించిన మాటకు మొదటి బాధ్యత నిలబెట్టినవాడిది. ఏడాదికి పైగా ఆమె జైల్లో ఉంది. పారిస్ జైలు ఖర్చు కట్టనన్నాడు. ఎవరో ఆ డబ్బు కట్టి ఆమెను కొనుక్కుపోయారు. ఆ తర్వాత ఆమె జాడ ఏ కాగితంలోనూ లేదు.

ఆ లేని కాగితం మీద గ్వాడెలూప్ రచయిత్రి మరీస్ కోండే 1986లో ఫ్రెంచిలో ఒక నవల రాసింది. టిటూబా 'నేను' అని తన కథ తనే చెబుతుంది. అందులోనూ ఆమె నల్లజాతిదే, అందులోనూ కల్పన బోలెడు. అయినా తేడా ఉంది. మిల్లర్ కల్పన టిటూబాను గది మూలకు తోసింది. కోండే కల్పన ఆమెకు చిన్నతనం, ప్రేమ, కోపం, సొంత ఊరు ఇచ్చింది. కల్పించడం తప్పు కాదు. ఎవరి చోటు ఎవరికి ఇవ్వడానికి కల్పిస్తున్నామన్నది అడగాలి.

క్షమాపణల చరిత్రలోనూ ఇదే వరస. 1697లో జడ్జి శామ్యూల్ స్యూవల్ చర్చిలో నిలబడి తన తప్పు ఒప్పుకున్నాడు. ప్రధాన జడ్జి స్టౌటన్ ఎన్నడూ ఒప్పుకోలేదు. 1711లో కొందరి శిక్షలు రద్దు చేసి కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చారు. 2001లో మసాచుసెట్స్ శాసనసభ ఇంకో అయిదుగురి పేర్లు చేర్చింది. చివరి పేరు ఎలిజబెత్ జాన్సన్‌ది, 2022లో తుడిచారు. అందుకు అర్జీ నడిపింది ఒక స్కూలు పిల్లలు, వాళ్ల టీచరు. మూడు వందల ముప్పయ్యేళ్లు పట్టింది. టిటూబాకు మాత్రం ఆ అవసరమే రాలేదు. ఆమె మీద తీర్పే లేదు కాబట్టి రద్దు చేయడానికీ ఏమీ లేదు. తీర్పు లేకుండా జైలు, తీర్పు లేదు కాబట్టి క్షమాపణా లేదు.

అనుమానితుల పక్షాన రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఉండాలి. వాళ్లకు మా సలాం. కానీ మా తరఫున ఎవరో ఒక గొప్ప నాయకుడు కాగితం చింపేస్తుంటే చప్పట్లు కొట్టే జనంగా మమ్మల్ని మూలన కూర్చోబెడితే ఒప్పుకోం. ఆ కాగితం మీద వేలిముద్ర వేయనన్న మొదటి మనిషి మా గల్లీలోనే ఉంది. అడుక్కుంటూ, గొణుక్కుంటూ, పిల్లను చంకనేసుకుని. ఆమె ఏమందో రికార్డులో ఉంది. రాసేవాళ్లు ముందు అది చదవాలి.